పడని బావి గోడ

పోయిన శ్రావణంలో కణేకల్ దగ్గర బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళినప్పుడు, పంక్తిలో నా ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన నేనెవరి కూతురినో అడిగి తెలుసుకుని, "ఓ, ఆ పిరికి మేస్త్రి బిడ్డవా!" అని పక్కవాళ్ళతో కలిసి నవ్వాడు. అరవై దాటిన ఆడమనిషికి అంతమందిలో నోరు లేవదనుకున్నాడు కాబోలు. చేతిలోని ఓళిగ విస్తట్లో పెట్టేసి, "అవునన్నా, ఆయన బిడ్డనే. మా నాయన పిరికితనానికి ఆరుగురు ఇండ్లకొచ్చినారు. మీ ధైర్యానికి ఎంతమందొచ్చినారో చెప్పన్నా" అన్నాను. ఇన్నేళ్ళకైనా ఆ మాట అనిపించిన స్వామికి అక్కడే మనసులో దండం పెట్టుకున్నాను.

మా నాయన బావులు తవ్వించే మేస్త్రి. నేను బడి ముఖం ఎరగను, అమ్మ ఒడిలో కూర్చుని భజన పాటలు చూసి అక్షరాలు దిద్దుకున్నదాన్ని కనుక, మధ్యాహ్నం సంగటి గంప నెత్తిన పెట్టుకుని బావి దగ్గరికి పోవడం నా వంతు. బావి పనిలో ఒక కట్టుబాటు ఉండేది. లోపల ఎంతమంది తవ్వుతున్నా గట్టు మీద ఒక్కడు ఉత్త చేతులతో కూర్చోవాలి. కొత్తవాళ్ళకు సోమరిలా కనిపించే ఆ మనిషే మేస్త్రి. గోడను చూడడం, రాలే మట్టి చప్పుడు వినడం, అంతే ఆయన పని. ఆయన పైకి రమ్మంటే ఎందుకని అడగకూడదు, చేతిలోని గడ్డపార కూడా అక్కడే పడేసి రావాలి. దాన్ని తీసుకుందామని వంగిన క్షణం చాలు, ప్రాణం పోవడానికి.

వానలు వరసగా మొండికేసిన ఆ ఏడు, ఒక ఆసామి చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, పాత బావిని లోతు చేయించే పని నాయనకు వచ్చింది. బిడ్డల్లా పెంచుకున్న చెట్లు ఆకులు ముడుచుకుని, పిందెలు రాల్చేస్తుంటే ఆ ఆసామి అన్నం కూడా తోటలోనే తినేవాడు. ఆయన బాధ నిజమైనదే, కాదనను. ఒకనాడు నేను గంప దించిన వేళకే అడుగున తడి కళ్ళబడిందని లోపలినుంచి కేక వచ్చింది. ఆసామి టెంకాయ కొట్టాడు. ఆ సంబరంలో పడమటి గోడ నుంచి పిడికెడు మన్ను రాలింది. అలాంటి మన్ను రోజూ రాలుతూనే ఉండేది. నాయన మాత్రం లేచి నిలబడి, అందరినీ ఊరుకోమని చేత్తో సైగ చేసి, ఒక్క గుక్క ఊపిరి పీల్చుకునేంత సేపు గోడ వైపు చూసి, రండి పైకి అని అరిచాడు.

"ఏమప్పా, నీళ్లు కండ్లబడినంక పైకి రమ్మంటావా? మతి ఉండాదా నీకు?" అని ఆసామి మీదికొచ్చాడు.

"నీ చెట్లకు నేను జవాబు చెప్తానన్నా. ఈళ్ల పెండ్లాలకు నువ్వు చెప్తావా?" అన్నాడు నాయన.

ఆరుగురూ ఎక్కి వచ్చారు. చివరన వచ్చిన మా చిన్నాయన, ఇంకొక్క గంటలో నీళ్లు పారేవని, అన్నకు ముసలితనం ముందే వచ్చిందని సంగటి ముందు కూర్చుని కూడా తిడుతూనే ఉన్నాడు. పడమటి గోడకు రాతికట్టు కట్టి దిగుదామని, అందుకు పది దినాలు పడుతుందని నాయన చెప్పాడు. పది దినాలు చెట్లు బతకవని ఆసామి వేరే మేస్త్రిని పిలిపించాడు. ఆ మనుషులు మూడో రోజుకే నీళ్లు పారించారు. తోట బతికింది. గోడ పడలేదు, ఆ రోజూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

అప్పటినుంచి నాయనకు పిరికి మేస్త్రి అన్న పేరు వచ్చింది, పెద్ద పనులు రావడం ఆగింది. ఒకసారి నేనే ధైర్యం చేసి, ఆ పొద్దు నీకేం కనిపించింది నాయనా అని అడిగాను. "చెప్పనీకి రాదు పాపా. ఎప్పటి సద్దు మాదిరి లేదు, అంతే" అన్నాడు. ఇన్ని బావుల గట్ల మీద కూర్చున్న మనిషికి మాట కంటే ముందే ఒళ్ళు తెలుసుకుంటుందని నాకిప్పుడు అర్థమవుతుంది. పడుతుందని కాదు ఆయన అన్నది, పడవచ్చునని. ఆ రెంటికీ తేడా తెలియనివాళ్ళే నవ్వారు.

ఆ కొత్త మేస్త్రి మరుసటి బావికి చేతులు చాలక, రెట్టింపు కూలి ఇస్తానని మా చిన్నాయన్ని పిలవడానికి ఇంటికే వచ్చాడు. అన్నను అన్ని మాటలన్న మా చిన్నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "మా అన్న గట్టు మీద లేందే నేను దిగనప్పా" అని లోపలికి వెళ్ళిపోయాడు. తక్కిన ఐదుగురూ అదే చెప్పారట. నాయన అరుగు మీద కూర్చుని వింటూనే ఉన్నాడు, తల మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు బోరు బండి వస్తుంది, పూటలో నేలను తొలిచి పోతుంది, నీళ్లు పడినా పడకున్నా మనిషి దిగే పని లేదు. అందుకు దేవుడికి నమస్కారమే. కానీ దిగినవాళ్ళ ప్రాణం తన మీద వేసుకుని, లోకం నవ్వినా సరే పైకి రమ్మనే మనిషి కూడా ఆ గట్లతో పాటే పోయాడు. ఈ కాలంలో ఏం జరిగిందో చూసి తెలివిని తూస్తారు, జరగకుండా పోయినదానికి లెక్కే లేదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ శనివారం శనివారం ఆ ఆరుగురూ ఇండ్లకు తిరిగొచ్చినందుకు వాళ్ళ పేరన దీపం పెట్టింది. నేనూ పెడతాను. ఎవరు నవ్వినా పెడతాను.