సూడాన్ గురించి నిలబడ్డ సాయంత్రం

మా డిగ్రీ క్లాసులో సూడాన్ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడుండేవాడు. హఫీజ్‌పేట్‌లో గది కిరాయికి తీసుకున్నాడు. ఇక్కడికొచ్చి నేర్చుకున్న హిందీ అతనిది, అంతంతమాత్రం ఇంగ్లీషు మాది. అట్లానే మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు క్యాంటీన్‌లో సమోసా ముందు పెట్టుకుని, తినకుండా కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, వాళ్ల ఊళ్లో యుద్ధమని, అమ్మా చెల్లెలూ ఇల్లు విడిచి ఎటో వెళ్లారని, ఫోన్ కలవట్లేదని చెప్పాడు.

నా పక్కనున్న స్నేహితురాలు తన ప్లేటు పక్కకు జరిపింది. రోజూ పక్కపక్కనే కూర్చుంటున్నా ఆ సంగతి మాకు తెలీదు.

"మరి వార్తల్లో రాదేంది?" అని అడిగింది తను.

"వస్తుంది. ఎవరూ ఆగి చూడరు," అన్నాడు.

అందుకే హైటెక్ సిటీ మెట్రో మెట్ల దగ్గర, ఆఫీసులు వదిలే వేళ అట్టలు పట్టుకుని నిలబడాలని అనుకున్నాం. 'సూడాన్ గురించి ఒక్క నిమిషం' అని వాటి మీద పెద్ద అక్షరాలతో రాశాం. అతను మాత్రం రానన్నాడు.

"నేను వీసా మీద ఉన్నవాణ్ణి. పోలీసులు పట్టుకుంటే వెనక్కి పంపిస్తారు. ఎక్కడికి పంపిస్తారో నువ్వే చెప్పు."

అయినా వచ్చాడు. దూరంగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాడు.

మెడలో ఐడీ కార్డులు వేసుకున్న జనం మమ్మల్ని తప్పించుకుని పోతూనే ఉన్నారు. చివరికి ఒకావిడ ఆగింది. "అక్కడ మామూలు జనం ఎటు పోతున్నారండీ?" అని అడిగింది. నేను బట్టీ పట్టిన నాలుగు ముక్కల్లో దానికి జవాబు లేదు. అంతలో నా వెనక నుంచి అతని గొంతు వినిపించింది. చాయ్ కప్పుతోనే వచ్చేశాడు. తన వీధి గురించి, తాళం వేయకుండా వదిలేసిన ఇంటి గురించి చెబుతున్నాడు. ఇంకొందరు ఆగారు. ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు.

అంతలోనే పోలీసు బండి వచ్చి ఆగింది.

"ఏంది గిది? పర్మిషన్ ఉందా?" అన్నాడు దిగిన కానిస్టేబుల్. ఆగినవాళ్లంతా క్షణంలో చెదిరిపోయారు. కానిస్టేబుల్ అతని వైపు తిరిగాడు. "నీ పాస్‌పోర్ట్ ఏది?"

పాస్‌పోర్ట్ గదిలో ఉంది. జేబులు తడుముకోబోయి చాయ్ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఎదురు బిల్డింగ్‌లో మా అమ్మ హౌస్‌కీపింగ్ చేస్తుంది. డ్యూటీ దిగి వస్తూ, పోలీసు బండి పక్కన నన్ను చూసింది. ఉరికొచ్చింది.

"నా బిడ్డ సార్! ఏం జేసింది సార్?"

"ఈ ఫారినోన్ని ఎంటవెట్టుకొని రోడ్డు మీద మీటింగ్ వెట్టింది. ఎవడు వీడు?"

అమ్మ అతన్ని ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో నేను చెప్పగా వినడమే.

"మా బిడ్డతోని సదువుకుంటడు సార్. మంచి పిలగాడు," అంది.

మా ఐడీ కార్డులకు ఫోటోలు తీసుకుని, అట్టలు బండిలో వేసుకున్నారు. పిలిస్తే రావాలన్నారు.

మదీనాగూడలో ఇంటికి చేరాక, చెప్పులు విడుస్తూ అమ్మ అంది: "మా సూపర్‌వైజర్ చూసిండు. నన్ను పనిల నుంచి తీసేస్తే ఏం జేద్దమే? ఆ పిలగాన్ని పట్టుకపోతే, వాళ్లమ్మకు ఎవరు చెప్పాలె?"

తర్వాత తెలియని నంబరు నుంచి ఫోనొస్తే చాలు, అమ్మకు వినపడకుండా బయటికెళ్లి ఎత్తేదాన్ని. అతను కాలేజీకి రావడం మానేశాడు. నేనూ నా స్నేహితురాలూ గదికి వెళ్లి తలుపు కొడితే లోపల అలికిడి లేదు. నేను మాట్లాడాకే గొళ్లెం తీశాడు. సర్దిన బ్యాగు గోడకు ఆనించి ఉంది. పాస్‌పోర్ట్ చొక్కా జేబులో పెట్టుకునే పడుకుంటున్నాడట.

"కింద బండి ఆగిన ప్రతిసారీ నా కోసమే అనుకుంటున్నా," అన్నాడు.

చివరికి పోలీస్ స్టేషన్ నుంచి అతనికి పిలుపు వచ్చింది. మేమిద్దరం తోడు వెళ్లాం. లోపలికి పిలిచేవరకు ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అక్కడి అధికారి కాగితాలు తిరగేసి, చిరునామా అడిగి, "చదువుకోను వచ్చినవ్, చదువుకో. రోడ్ల మీద నిలబడకు," అని పంపేశాడు. అంతే. గేటు బయటికి రాగానే అతను ఫుట్‌పాత్ మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. నేను వీపు నిమురుతూ ఉండిపోయాను. సంతోషించాలని తెలుసు, కానీ మాటిమాటికీ గేటు వైపే చూస్తున్నాను.

అమ్మ పని పోలేదు. కొన్నాళ్లకు అతని అమ్మా చెల్లెలూ సరిహద్దు దాటి ఒక శిబిరానికి చేరారని కబురొచ్చింది.

ఆ తర్వాత కాలేజీలోనే, ప్రిన్సిపాల్‌ను అడిగి, ఒక క్లాస్‌రూమ్‌లో సూడాన్ గురించే మాట్లాడాను. ఈసారి అతన్ని రావద్దన్నాం. వెనక బెంచీలు ఖాళీగా ఉన్నా, వచ్చినవాళ్లు విన్నారు. ఒకమ్మాయి ఆపకుండా ప్రశ్నలడిగింది. బయట వరండాలో బూట్ల చప్పుడైనప్పుడల్లా నా మాట ఆగిపోయేది. చప్పుడు దూరమయ్యాక, ఎక్కడ ఆపానో వాళ్లనే అడిగి మళ్లీ మొదలుపెట్టేదాన్ని.