వంతు తప్పించే చదరంగం

మా తాత చదరంగం పలక ముందు కూర్చున్నాడంటే అవతలివాడి రాజు తనంతట తానే గళ్ళు దిగి ఇంటికి పోయేవాడు. తాతను ఓడించగలవాడు మా వీధిలో పుట్టలేదు, పక్క వీధిలోనూ పుట్టలేదు. పుట్టబోయేవాళ్లు కూడా ఆయన సంగతి విని పుట్టడం వాయిదా వేసుకుంటున్నారు. తన సెలూన్‌లో ముప్పై ఏళ్లుగా ఆడుతూ ఒక్కటంటే ఒక్క ఆట ఓడిపోని మనిషి. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే అందులో సగం ఆటలు పూర్తి కూడా కాలేదు.

దుకాణం చిన్నది. రెండు అద్దాలు, ఒక తిరిగే కుర్చీ, గోడవారగా పొడుగాటి బల్ల, ఆ బల్ల చివర చదరంగం పలక. వంతు కోసం కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు పలక ముందుకు జరిగేవారు. తాత కుర్చీలో ఉన్నవాడి జుట్టు కత్తిరిస్తూనే రెండడుగులు వెనక్కి వేసి, ఓ ఎత్తు వేసి, మళ్లీ తల దగ్గరికి వెళ్లేవాడు. ఆట తనవైపు మొగ్గితే సరే. అవతలివాడి వైపు మొగ్గిందా, కుర్చీలో ఉన్నవాడి మెడ మీది గుడ్డ టపటపా దులిపేసి, గెలవబోతున్నవాడిని పిలిచేవాడు.

"రండి రండి, మీ వంతు."

"నాకంటే ముందు ముగ్గురున్నారు కదయ్యా!"

"వాళ్లకేం తొందర లేదులెండి. మీరు పనిమీద పోవాల్సినవాళ్లు."

మెడ చుట్టూ తెల్లగుడ్డ బిగిసేది. చేతులు రెండూ గుడ్డ కిందికి పోయాక ఇక ఎత్తు వేసేదెవరు? కుర్చీలో మనిషి సబ్బు నురగలో మునిగి ఉండగా తాత తీరిగ్గా వెళ్లి పావులు సర్దేసేవాడు.

ఈ కిటుకు వీధికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. రైలుకు పోవాల్సినవాడు నాలుగు మంచి ఎత్తులు నేర్చుకుని మరీ గడ్డానికి వచ్చేవాడు. ఆట రానివాడు పొద్దున్నే వచ్చినా భోజనాల వేళకు గానీ కుర్చీ ఎక్కేవాడు కాదు. మా పేటలో ఇంతమంది ఆటగాళ్లు తయారయ్యారంటే అదంతా తాత పిరికితనం చలవ.

"ఓడిపోతే మీసం ఊడి పడుతుందా ఏం?" అనేది నాయనమ్మ.

"నా మీసం గొడవ నీకెందుకే," అని తాత అద్దంలో మీసం చూసుకునేవాడు, ఉందో లేదోనని.

మేమంతా నవ్వేవాళ్లం. అసలు సంగతి ఒకరోజు ఉతికిన తెల్లగుడ్డలు మడతపెడుతూ నాయనమ్మ చెప్పింది. దుకాణం పెట్టిన కొత్తలో తాత కార్మికుల హాలులో జరిగే పోటీకి వెళ్లాడట. ఆఖరి ఆట దాకా నెగ్గుకొచ్చాడట. ఆ ఆట చెయ్యి దాటిపోతోందని తెలియగానే కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. గుర్రాన్ని పట్టుకోబోతే గుర్రం పడింది. దాన్ని నిలబెట్టబోతే మంత్రి పడ్డాడు. చుట్టూ జనం. ఎవడో అన్నాడు, "ఈ చేతికి మెడ అప్పగిస్తే ఇక అంతే సంగతులు!" అందరూ గొల్లుమన్నారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో నవ్వి ఉండరు. కానీ మర్నాటినుంచి జనం జుట్టుకు వచ్చారు గానీ గడ్డానికి రాలేదు. కత్తెరైతే ఫరవాలేదు, కత్తి అనేసరికి ఎవరి గొంతు మీద వాళ్లకు ప్రేమ ఉంటుంది కదా. మళ్లీ ఒక మనిషి ఆయన ముందు గడ్డం ఎత్తి కళ్లు మూసుకోవడానికి చాలా రోజులు పట్టిందట.

"అన్నాళ్లూ ఖాళీ కుర్చీని తుడిచిందే తుడిచేవాడు," అంది నాయనమ్మ. మడతపెట్టిన గుడ్డనే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఓటమి వస్తే వణుకు వస్తుంది, వణుకు వస్తే బేరం పోతుంది. తాత బుర్రలో ఆ మూడూ ఒకే ముడిలో పడిపోయాయి. ముడి విప్పడం రాక, మనిషి ఆట మధ్యలోంచి లేచిపోవడం నేర్చుకున్నాడు.

అలాంటి తాతకు ఒక కండక్టరు తగిలాడు. బస్సు ఉద్యోగం నుంచి రిటైరై మా వెనక వీధిలోకి వచ్చిన మనిషి. గుండు అద్దంలా మెరిసేది. గడ్డం ఇంట్లోనే గీసుకుని వచ్చేవాడు. సెలూన్‌తో ఏ పనీ లేని మనిషి సెలూన్‌కు రోజూ వచ్చేవాడు, చదరంగం కోసం. ఎత్తు వేసినప్పుడల్లా పలక అంచు మీద వేలితో కొట్టి "రైట్ రైట్" అనేవాడు. మొదట్లో తాతే గెలిచాడు కాబట్టి చిక్కు రాలేదు. చిక్కల్లా ఒకరోజు కండక్టరు ఏనుగులు రెండూ ఒకే బారులోకి వచ్చి నిలబడినప్పుడు వచ్చింది.

తాత పలక వంక చూశాడు. ఆయన గుండు వంక చూశాడు.

"అన్నా, చెవుల వెనక కాస్త పెరిగినట్టుంది. రా, సరిచేస్తా."

"అక్కడ మొలవడం మానేసి ఎన్నేళ్లయిందో. మొలిస్తే వీధంతా చెప్పుకోనూ? ఎత్తు వెయ్యి."

"పోనీ గడ్డం?"

"పొద్దున్నే గీసుకొచ్చా. వెయ్యి తమ్ముడూ, బండి ఆగిపోయింది."

బల్ల మీద పక్క దుకాణం దర్జీ ఉన్నాడు. మాసిన గడ్డంతో తన వంతు కోసం చూస్తున్నాడు. తాత ఎడమచేత్తో ఎత్తు వేశాడు. కుడిచెయ్యి ఒళ్లో ఉన్న తెల్లగుడ్డ కింద పెట్టుకున్నాడు. గుడ్డ కదులుతోంది. కింద జుట్టు ఊడుస్తున్న నేను చీపురు పట్టుకుని నిలబడిపోయాను. దర్జీ కూడా ఆ గుడ్డనే చూస్తున్నాడు.

"ఆట కట్టు," అన్నాడు కండక్టరు. ఈసారి రైట్ రైట్ అనలేదు.

తాత పలక వంక చూడనే లేదు. దర్జీ ముఖంలోకి చూసి, వెంటనే కళ్లు తిప్పేసుకున్నాడు.

"ఇవాళ కొట్టు కట్టేస్తున్నానండీ. రేపు రండి," అన్నాడు.

దర్జీ ఏదో అనేలోపే కండక్టరు లేచి, చరచరా వెళ్లి తిరిగే కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ తనే మెడకు చుట్టుకున్నాడు.

"గీయి."

"ఏం గీయమంటావన్నా? నున్నగా ఉంది."

"దవడ కింద సరిగ్గా తెగలేదు. గీయమంటే గీయవేం?"

"నా చెయ్యి చూశావు కదా," అన్నాడు తాత, నాకు కూడా వినపడీ వినపడనట్టు.

"చూశా. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు చింపినవాణ్ణి. నా చెయ్యి ఏ రోజు నిలకడగా ఉంది గనక? అయినా ఒకడి టిక్కెట్టు ఇంకొకడికి ఇవ్వలేదు. కానియ్."

తాత బ్రష్షు తీసుకున్నాడు. దవడకు పూయాల్సిన నురగ చెవికి కూడా పూశాడు. కత్తిని తోలుపట్టీ మీద నూరుతుంటే పట్టీ కూడా వణికింది. కండక్టరు మాత్రం గడ్డం ఎత్తి, కళ్లు మూసుకుని, బస్సులో కిటికీ పక్క సీటు దొరికినవాడిలా హాయిగా వెనక్కి వాలాడు. కత్తి చర్మానికి తగిలింది. తగలగానే ఆ చెయ్యి మా తాత చెయ్యి అయిపోయింది. చెవి కింద మొదలుపెట్టి గొంతు ముడి దాకా ఒక్క గాటు లేకుండా జారింది. గీయడానికి అక్కడ నురగ తప్ప ఏమీ లేదు, అది వేరే సంగతి.

అప్పుడు దర్జీ లేచాడు. ఇక వెళ్లిపోతాడనుకున్నాను.

"ఇదెక్కడి న్యాయమయ్యా! పొద్దున్నుంచి పడిగాపులు పడింది నేను. గడ్డం లేనివాడికి గీస్తావా, గడ్డం ఉన్నవాణ్ణి రేపు రమ్మంటావా? లే కండక్టరూ, లే! గెలిచినవాళ్లనల్లా కుర్చీ ఎక్కిస్తుంటే మాలాంటి ఆట రానివాళ్లు సన్యాసం పుచ్చుకోవాలి."

తాత అద్దంలో నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. ఆ ముఖానికి రెండూ ఒకేలా ఉంటాయి. దర్జీ మెడకు గుడ్డ చుట్టేటప్పుడు మాత్రం ముడి రెండుసార్లు వేశాడు, ఎక్కడ పారిపోతాడో అన్నట్టు.

ఆ తర్వాత ఆటలన్నీ చివరిదాకా సాగాయి. కొన్ని ఓడిపోయాడు. చెయ్యి వణికేది. వణికినప్పుడు గుడ్డ కింద దాచకుండా మోకాలి మీద పెట్టుకునేవాడు, అల్లరి పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నట్టు. తొందర పనులున్నవాళ్లు మాత్రం, వంతు తప్పించే దారి మూసుకుపోయిందని మా మీద అలిగారు.

పోటీల రోజులు వచ్చినప్పుడు కండక్టరే ఆయనను హాలుకు లాక్కుపోయాడు. అదే హాలు. నాయనమ్మా నేనూ వెనక వరుసలో కూర్చున్నాం. మొదటి ఆట తాత గెలిచాడు. రెండో ఆటకు డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు ఎదురుపడింది. వచ్చీ రాగానే బంట్లను గడ్డిలా కోసేసింది. చుట్టూ జనం మూగారు. తాత చెయ్యి మళ్లీ మొదలుపెట్టింది.

"కాస్త వణుకుతుందమ్మా. ఏమీ అనుకోకు," అన్నాడు.

"రోజూ వణికే చేతులకే సూదులు వేస్తుంటాను బాబాయ్. మీరు ఆడండి," అంది ఆవిడ.

ఉన్నట్టుండి తాత లేచి నిలబడ్డాడు. నాయనమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయిపోయింది, లేచిపోతున్నాడు," అంది. తాత కుర్చీని పలక దగ్గరికి ఇంకాస్త జరుపుకుని మళ్లీ కూర్చున్నాడు. వణికే కుడిచేత్తోనే శకటును పట్టుకున్నాడు. అది పక్క బంటును తట్టి పడేసింది. బంటును తీసి దాని గడిలో నిలబెట్టి, శకటును పెట్టాల్సిన చోట పెట్టాడు. ఎవరో నవ్వారు కూడా. ఆయన తలెత్తలేదు. ఆట కట్టేదాకా కూర్చుని, కట్టాక అదే చెయ్యి ఆవిడకు చాచాడు. ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది.

బయటికి వచ్చాక నాయనమ్మ ఆయన చొక్కా మీద లేని దుమ్ము దులిపింది. దారిలో నేను ఆయన పక్కకు చేరాను.

"తాతా, ఇదంతా రాస్తున్నా. కిటికీలోంచి ఎండ కళ్లలో కొట్టబట్టి ఓడిపోయావని రాస్తాలే, సరేనా?"

"ఎండా లేదు, గిండా లేదు. ఆ అమ్మాయి నాకంటే బాగా ఆడింది. అలాగే రాయి."