క్వింటా మనిషి

కడుపు కోయించుకుని చిక్కిపోయినందుకు నన్ను దొంగని చేశారు. కాటా దగ్గరి నుంచి తీసేశారు. అందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు. ఇన్నేళ్లయినా ఈ మాట ముందు చెప్పకుండా ఇంకో మాట చెప్పడం నాకు చేతకాదు.

మొన్న కార్తీకంలో రామతీర్థం వెళ్తుంటే దారిలో ఒకచోట బస్సు ఆగింది. రోడ్డు పక్క గుంటలో గోగుకట్టలు నానేసి ఉన్నాయి. నానిన నార కుళ్లు వాసన కిటికీలోంచి గుప్పున కొట్టింది. పక్క సీట్లో అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. ఆ వాసన వెనకాలే నాకు గురువులు మావ నడిచొస్తాడు. గురువులు ఆయన పేరే. మా వైపు చాలామందికి ఆ పేరు ఉంటుంది. ఆయనతో కూర్చుని తిన్నవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలినట్టున్నాను. అందుకే రాస్తున్నాను.

అప్పటికి అరవయ్యో దశకం చివరికొచ్చింది. చీపురుపల్లిలో ఒక షావుకారు దగ్గర నేను గోగునార తూచే కాటా గుమస్తాని. నాలుగో తరగతితో బడి మానేసినా, బెల్లం పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి గ్రంథాలయంలో పుస్తకాల దాకా చేతికందిందల్లా చదివి, రాతా లెక్కా సొంతంగా పట్టుకున్నవాణ్ణి. మణుగులు పోయి కిలోలు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కొత్త ఇనప తూనికరాళ్ల మీద రైతులకు నమ్మకం లేదు. రాళ్లు షావుకారువి, లోపల ఏం తొలిచాడో ఎవడికి తెలుసు అనేవారు. మనిషి ఒళ్లు మాత్రం ఎవడూ తొలవలేడు కదా. అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. ఆ రోజుల్లో నేను సరిగ్గా క్వింటా ఉండేవాణ్ణి. సంతరోజు బళ్లు వచ్చాక, నార దించకముందు, "ఎక్కు బాబూ" అనేవారు. నేను కాటా బల్ల మీద చేతులు కట్టుకుని నిలబడాలి. బరువు చూపే కాటా కమ్మి నూరు కిలోల దగ్గర నిలకడగా ఆగితే అప్పుడు కట్టలు దించేవారు. వాళ్లు మాత్రం పొరపాటున కూడా ఎక్కేవారు కాదు. మనిషిని తూస్తే ఆయుష్షు తరుగుతుందని భయం. నా ఆయుష్షు సంగతి ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ పట్టలేదు. క్వింటా మనిషి అని పిలిస్తే మీసం దువ్వుకునేవాణ్ణి.

ఆ ఒళ్లు ఊరికే రాలేదు. ముగ్గురి తిండి తినేవాణ్ణి, ఆరుగురి మిరపకాయలు నమిలేవాణ్ణి. కడుపులో మంట పుడితే మరో ముద్ద మింగి అణిచేసేవాణ్ణి. ఒక వేసవిలో గోడౌన్‌లో నెత్తురు కక్కుకుని నార కట్టల మీద పడ్డాను. రైల్లో విశాఖపట్నం తీసుకుపోయారు. కడుపులో పుండు పగిలిందన్నారు డాక్టర్లు. కడుపు సగానికి పైగా కోసి తీసేసి, మిగిలింది పేగుకి కలిపి కుట్టారు. ఇప్పుడు ఒళ్లు తగ్గడం కోసమే కడుపు కోయించుకుంటున్నారని పేపర్లో చదువుతున్నాను. మాది బతకడానికి కోయించుకున్న కోత. కోశాక పడే పాట్లు మాత్రం ఒకేలాంటివే అనుకుంటాను. పంచె నడుం మీద నిలవదు. చేతుల చర్మం ఎవరిదో అరువు చొక్కాలా వేలాడుతుంది. అద్దంలో ఉన్నవాడు మన చుట్టమే కాని మనం కాదు.

కొత్త నార వచ్చే రోజులకి లేచి నిలబడ్డాను. మొదటి సంతనాడు ఎప్పటిలాగే కాటా ఎక్కమన్నారు. ఎక్కాను. కమ్మి డెబ్బై దగ్గర ఆగింది. బళ్ల దగ్గరున్నవాళ్లు కాటా చుట్టూ మూగారు. రైతుల్లో పెద్దవాడు తవిటయ్య. ఆయన బండి దిగితేనే మిగతా వాళ్లు దిగేవారు. చుట్ట నోట్లోంచి తీసి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"సిక్కినావు, కాదన్ను. అయిదో పదో పోతాది. ముప్పై కిలోలు పోయిన మనిసి నిలబడి మాటాడతాడేటి? నిన్ను మింగిన కాటా నా నారని మింగదేటి?"

ఆపరేషన్ సంగతి చెప్పాను. కడుపు కోస్తే కడుపే పోతుంది గాని చేతులూ తొడలూ ఎందుకు పోతాయని అడిగాడు. చొక్కా ఎత్తి కోత చూపిద్దామని అంచు పట్టుకున్నాను. అంతమంది ముందు సిగ్గేసి వదిలేశాను. షావుకారు అక్కడే ఉన్నాడు. కాటా సరిగ్గా ఉందని ఆయనకి తెలుసు. ఆ ఉదయమే ఇనప రాళ్లు పెట్టి ఇద్దరం సరిచూశాం. ఒక్క మాట అంటే సరిపోయేది. బళ్లు పక్క కొట్టువైపు తిరుగుతుంటే చూసి, నా వంక చూడకుండా, కొన్నాళ్లు లోపల గోనెలు చూసుకోమన్నాడు. అంతే, ముద్ర పడిపోయింది. షావుకారే తీసేశాడంటే దొంగే కదా. నేను తవిటయ్య బండికి అడ్డం నిలబడి, నేను దొంగనా, ఆ మాట నోటితో చెప్పి వెళ్లమని అడిగాను. ఆయన చుట్ట వెలిగించుకుని ఎడ్లని అదిలించాడు. నేను గోనెల వైపు వెళ్లలేదు, ఇంటికొచ్చేశాను.

ఇక నా తెలివి చూడండి. మళ్లీ క్వింటా అయితే నా పేరు నాకొస్తుందనుకున్నాను. తినడం మొదలుపెట్టాను. మా అమ్మకి అంతకంటే పండగ ఏముంది. బిడ్డ ఎండిపోయాడని ఏడుస్తున్న మనిషి పాత కంచు కంచం తీసి, పాత కొలతకే వడ్డించింది. పైన బెల్లం పాకం, నెయ్యి. తిన్న కాసేపటికి ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కళ్లకు చీకట్లు. ఆ తర్వాత తిన్నదంతా పెరటి గోడ పక్కకి. కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చునేవాణ్ణి. తిన్నకొద్దీ ఇంకా చిక్కాను.

ఒక మధ్యాహ్నం అలా గోడ పట్టుకుని వంగి ఉంటే, అవతలి పెరట్లోంచి పొడుగాటి ముసలాయన చెంబుతో నీళ్లు అందించాడు. పక్కింట్లో అద్దెకున్న సన్నాయి ఆయన, ఆయనే గురువులు మావ. శ్రీకూర్మంలో చాలాకాలం స్వామి సేవలో వాయించి వచ్చాడని విన్నాను. వెదురుబద్దలా ఉండేవాడు. ఇంట్లో తిండికి లేదేమో అనుకునేవాణ్ణి. నోరు కడుక్కునేదాకా ఆగి, జాలి లేని గొంతుతో అడిగాడు.

"కాటా కోసం తింతన్నావా, కడుపు కోసం తింతన్నావా?"

రెండింటికీ అన్నాను. ఆయన పైపంచె తప్పించాడు. రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా నిలువు గీత, అచ్చం నాదే. కొన్నేళ్ల ముందు ఆయనకీ పుండే, ఆయనకీ కోతే.  ఆసుపత్రి వదిలాక, నాలాంటి మనిషిని చూడటం అదే మొదలు.

"కోసినోడు కుట్టి పంపేత్తాడు. తినడం ఎవుడూ నేర్పడు. రేపు పొద్దున్న రా," అన్నాడు.

వెళ్లాను. చోడి అంబలి, అదే రాగి జావ, కాచి, నా కుడి అరచేయి పట్టమన్నాడు. అరచేతి గుంటలో పట్టేదే ఒక పూట తిండి. అది నమిలి, అంబలైనా సరే నమిలి, మింగాలి. తింటూ నీళ్లు తాగకూడదు. తీపి ముట్టకూడదు. తిన్నాక కాసేపు నడుం వాల్చాలి. మళ్లీ ఆకలి కూత వేయకముందే ఇంకో అరచేయి. నాకు ఒళ్లు మండింది. పసిపిల్లాడి తిండి నాకేమిటి అన్నాను. నువ్వు పసిపిల్లాడివే, మీసాలు ముందొచ్చాయంతే అన్నాడు. మా అమ్మతో మాట్లాడటానికి ఆయనే మా ఇంటికొచ్చాడు. ఆమె కంచం ముందేసుకుని శోకాలు పెట్టింది. నా చేత్తో నా బిడ్డని మాడ్చమంటావా అంది.

"సెల్లీ, ఈడి కడుపు మళ్లీ పుట్టినాది," అన్నాడు మావ. "పుట్టిన కడుపుకి ఎంత పెట్టేవు? ఒకపాలి పెంచినావు కదా, మళ్లీ పెంచు."

మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి ఆ కంచు కంచం అటక మీద పెట్టేసింది. నేను చిన్నప్పుడు తిన్న సత్తు గిన్నె ఎక్కడ దాచిందో, వెతికి తీసింది. ఆ పూట నుంచి నేను కక్కలేదని చెప్పను; కక్కడం తగ్గింది. ముందు ముఖానికి రంగొచ్చింది, తర్వాత కాళ్లకి బలమొచ్చింది. నెలలు గడిచాక ఒకరోజు స్టేషన్ దాకా నడిచి వెళ్లి, ఎక్కడా కూర్చోకుండా తిరిగొచ్చాను. పరుగుపందెంలో గెలిచినవాడిలా మావకి చెప్పుకున్నాను. "రైలు మీద రావల్సింది, ఇంకా తొందరగా వొచ్చేవోడివి," అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అలా ఉండేది.

నాకు ఆసుపత్రి కంటే భయం పంక్తి భోజనం. మా వైపు ఆకులో మిగిల్చి లేస్తే ఇంటివాళ్లని తిట్టినట్టు. పంక్తి పూర్తి కాకుండా లేస్తే అందర్నీ తిట్టినట్టు. ఒక పెళ్లికి మావ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాలుగు ముద్దలు తిని, వడ్డించే ఆయన గరిటె ఎత్తగానే ఆకు మీద చేయి అడ్డం పెట్టి, ఈ గుమ్మడికాయ పులుసు ఎవరు పెట్టారని అడిగాడు. వాళ్లు పేరు చెప్పారు. ఆమె తల్లి కూడా ఇలాగే పెట్టేదని ఒక కథ ఎత్తుకున్నాడు. కథ అయ్యేసరికి పంక్తి అయిపోయింది. లేస్తూ, ఇది ఒక్కపూటలో తినేసే పులుసు కాదు, గిన్నెలో పోసివ్వండి, రేపంతా మీ పేరు చెప్పుకుని తింటామన్నాడు. ఇంటావిడ మురిసిపోయింది. దారిలో, ఆమె తల్లి నీకెలా తెలుసని అడిగాను. తెలీదన్నాడు. పులుసు మంచిది, కాబట్టి తల్లి కూడా ఉండే ఉంటుందన్నాడు.

కోతకి ముందు ఆయన ఊరేగింపు పొడుగునా సన్నాయి దించకుండా వాయించేవాడట. కోత తర్వాత అంత ఊపిరి పట్టలేక, సేవకి లోటు రానివ్వనని తానే మానుకుని వచ్చేశాడు. అయినా తెల్లవారుజామున గదిలో కూర్చుని వాయించేవాడు. పెద్ద పెద్ద పోకడలు లేవు. చిన్న చిన్న తునకలు. ఆగి, మళ్లీ ఎత్తుకునేవాడు. మొదట్లో నాకు అది ఆయాసంలా వినిపించింది. వినగా వినగా, ఆ ఆగడం కూడా పాటలోదే అనిపించింది. ఇది ఆయనకి చెబితే, చాలాకాలానికి చెవులొచ్చాయన్నాడు.

మళ్లీ గోగు కోతలు వచ్చాయి. కాటా దగ్గర కొత్త గుమస్తాకీ రైతులకీ ప్రతి సంతా తగాదాయే. నేను క్వింటా అయ్యేదాకా ఆ గుమ్మం తొక్కనని భీష్మించుకున్నాను. మావ సన్నాయి పీక తడుపుకుంటూ విన్నాడు.

"ఈ పీక తడిస్తే ఓలా పలుకుతాది, ఆరితే ఇంకోలా పలుకుతాది. దీన్ని సుతికి కలుపుతాను గాని, సుతిని దీనికి కలుపుతానేటి? మనిసిని పట్టుకుని తూనికరాయి సేసినారు సూడు, అదీ తప్పు. నువ్వూ ఎక్కి నిలబడ్డావు. ఆళ్లని రాయిని అడగమను."

ఏ రాయిని నమ్ముతారు అన్నాను. ఆళ్ల రాయినే అన్నాడు. నాకు చెప్పకుండా తవిటయ్య ఊరు వెళ్లి వచ్చాడు. ఏం మాట్లాడాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆ వారం సంతకి తవిటయ్య బండిలో నారతోపాటు, తాతల నాటి నుంచి ఇంట్లో బెల్లం తూచుకునే మణుగు రాయి వచ్చింది. మణుగుకి ఎన్ని కిలోలో అప్పటికి ప్రతి రైతుకీ నోటికొచ్చు. తవిటయ్య తన చేత్తోనే రాయిని కాటా మీద పెట్టాడు. కమ్మి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. తీసి, మళ్లీ పెట్టాడు. అక్కడే ఆగింది.

సంతకి నన్ను బలవంతాన వెంటబెట్టుకొచ్చిన మావ నా వైపు చూశాడు. ఈసారి ఎవరూ అడగకుండానే చొక్కా విప్పి బల్ల మీద పెట్టాను. కోత అందరికీ కనబడింది. కాటా ఎక్కాను. డెబ్బై మీద కాస్త మొగ్గింది. సిగ్గు పడతాననుకున్నాను, పడలేదు. అది నేను అరచేతితో తిని సంపాదించుకున్న బరువు. నేను దొంగనా అని తవిటయ్యని మళ్లీ అడిగాను. ఆయన నా కడుపు మీద గీత వైపే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి, కట్టలు దించమని తన మనుషులకి చెప్పాడు. షావుకారు పుస్తకమూ పెన్సిలూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన కూడా ఏమీ అనలేదు. ఆయన ఎప్పటికీ ఏమీ అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ అలాగే ఉంది, దాచుకోను.

మావ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. చివరి రోజుల్లో నా అరచేతిలోంచే అంబలి తాగాడు. నాకిప్పుడు ఎనభై దాటాయి. కోశాక ఇన్నాళ్లు బతకడం గొప్ప అంటారు డాక్టర్లు. నేనింకా అంబలి నమిలే తాగుతాను. పెళ్లికి వెళ్తే వంట ఎవరు చేశారో ముందు కనుక్కుంటాను. మా వీధిలో ఎవరికి కడుపు కోత అయినా, వాళ్లు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే వెళ్లి అరచేయి పట్టమంటాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ. రెండోరోజు వాళ్లే కబురు పెడతారు.

తవిటయ్య సంగతి మిగిలింది. నా మాటకి జవాబివ్వలేదని ఆ వారమంతా కుతకుతలాడాను. తర్వాతి సంతకి ఆయన బండే ముందు వచ్చింది. రాయి తేలేదు. నేను పాత అలవాటుకొద్దీ కాటా బల్ల మీద కాలు పెట్టాను. ఆయన వచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

"దిగు బాబూ. రెండుమాట్లు అడిగినావు కదా, సెప్తన్నాను. ఇంక నువ్వు ఎక్కొద్దు. నువ్వెంతంటే అంత."