గోడ అవతల బోల్టు చప్పుడు

మా వీధిలో ఇళ్ళన్నీ భుజం భుజం ఆనుకుని ఒకే వరసలో ఉంటాయి. ఒకింటి గోడే పక్కింటి గోడ. అందుకే క్లిఫర్డ్ ఓర్మెరాడ్ గారిని నేను కళ్ళతో కన్నా చెవులతోనే ఎక్కువ ఎరుగుదును.

చిన్నప్పుడు, సాయంత్రం ఆరు గంటల వార్తలకు ముందు, గోడ అవతల ఇనుము చప్పుడు వినిపించేది. టక్, చక్. మళ్ళీ టక్, చక్. ఆ వెంటనే ఆయన భార్య మేవిస్ గొంతు.

“యుద్ధం అయిపోయింది, క్లిఫ్! టీ చల్లారిపోతోంది!”

“ఎవరు గెలిచారు?”

“నేనే. వచ్చి తాగు.”

రోజూ ఇవే మాటలు. మా అమ్మ కూర మూకుడు దించుతూ నవ్వేది. “నలభై ఏళ్ళు మిల్లులో మగ్గాలు బాగుచేశాడు కదా. ఇనుము మోగకపోతే ఆయనకి టీ దిగదు” అనేది.

ఆ చప్పుడు తుపాకీది. ఓర్మెరాడ్ గారి ముందుగది నిండా పాత యుద్ధం సామానే. సొట్టపడిన హెల్మెట్లు, పిడి లేని బాయ్‌నెట్లు. ఫ్రాన్సులో ఎవరో రైతు నాగలికి తగిలిన తుపాకీ గొట్టం ఒకటి, తుప్పు పట్టి చెట్టు వేరులా ఉండేది. దాని మట్టి మాత్రం ఆయన దులపనిచ్చేవారు కాదు. మట్టితో ఉంటేనే దానికి విలువట. “నా తివాచీ మీద సగం ఫ్రాన్సు ఉంది” అని మేవిస్ విసుక్కునేది.

వాటన్నిటిలో చెక్కుచెదరకుండా ఉన్నది ఒక్క రైఫిలే. అది పేలదు. ఎన్నో ఏళ్ళ క్రితమే గొట్టంలో కడ్డీ దించి, అడుగున చీల్చి, చంపేశారు. అయితే పాత పద్ధతిలో చంపింది కాబట్టి పైనున్న బోల్టు, అదే తూటా ఎక్కించే కడ్డీ, ఇంకా కదిలేది. వెనక్కి లాగితే టక్, ముందుకు తోస్తే చక్. దాని చెక్క మీద ఎవరో సైనికుడు మేకుతో ఏ.టి. అని గీసుకున్నాడు. అతనెవరో ఓర్మెరాడ్ గారికి ఎంత వెతికినా తెలియలేదు. మేవిస్ మాత్రం ఆల్‌ఫ్రెడ్ అని తేల్చేసింది. “ఆల్‌ఫ్రెడ్‌కి నూనె రాశావా?” అని, ఇంట్లో అద్దెకున్న కుర్రాడి గురించి అడిగినట్టు అడిగేది.

అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పుడు నేను బడి మానేశాను. ఆమె పోయాక మళ్ళీ వెళ్ళలేదు. వీధి చివర వేయించిన చేపలూ చిప్సూ అమ్మే కొట్లో పని చేస్తున్నాను. కౌంటరు దగ్గర “ఉప్పు వెయ్యనా? వెనిగర్ వెయ్యనా?” అంతవరకే నాకు మాటలు వస్తాయి.

తరవాత మేవిస్ కూడా పోయింది. అయినా ఆ చప్పుడు ఆగలేదు. ఆరింటికి టక్, చక్. ఆ తరవాత నిశ్శబ్దం. కాసేపటికి మళ్ళీ ఒకసారి, మొదటిసారి ఎవరికీ వినపడలేదేమో అన్నట్టు. ఆయనకి అందాల్సిన జవాబు నాకు తెలుసు. ఒక్కదాన్నే పొయ్యి దగ్గర నిలబడి వినేదాన్ని. నోరు పెగిలేది కాదు. చివరికి ఆయనే లేచి టీ నీళ్ళకి కుళాయి తిప్పేవారు. రెండిళ్ళకీ మధ్య గోడలో ఉన్న నీళ్ళ పైపు గుయ్యిమనేది.

పోయిన శీతాకాలంలో ఆయన స్నేహితుడు స్టాన్లీ చనిపోయాడు. ఆయనా ఇలాంటివి పోగుచేసినవాడే. ఇల్లు ఖాళీ చెయ్యడానికి వచ్చిన మేనల్లుడికి ఏది ఏమిటో తెలియదు. భయపడి అన్నీ పోలీసులకి అప్పగించాడు.

“నలిపేశారమ్మాయ్” అన్నారు ఓర్మెరాడ్ గారు, నేను గుమ్మం కడుగుతుంటే దగ్గరకొచ్చి. “యంత్రంలో వేసి రేకు డబ్బాల్ని నలిపినట్టు నలిపేశారు. నాకు మేనల్లుడు కూడా లేడు.”

అప్పటినుంచి ఆయనకి ఒకటే దిగులు. బతికుండగానే రైఫిల్‌ని దాని సంగతి తెలిసినవాడి చేతిలో పెట్టాలి. తెలిసినవాడంటే డెరెక్, బస్సు నడిపి రిటైరై, ఇలాంటివే పోగుచేసేవాడు. కానీ చట్టం మారింది. పాత పద్ధతిలో చంపిన తుపాకీని మన దగ్గర ఉంచుకోవచ్చు. చెయ్యి మారాలంటే మాత్రం కొత్త పద్ధతిలో మళ్ళీ చంపించాలి. అంటే బోల్టుని వెల్డింగ్ చేసి బిగించెయ్యాలి.

ఒక శుక్రవారం నేను చేపల పొట్లం పట్టుకెళ్ళేసరికి ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర వాదించుకుంటున్నారు.

“అమ్మొద్దు, ఇవ్వొద్దు” అంటున్నాడు డెరెక్. “మా ఇంటికొచ్చి గొడుగు మర్చిపోయినట్టు మర్చిపోయి వెళ్ళిపో.”

“రేపు నువ్వు పోతే మీ ఆవిడ పోలీసులకి ఏం చెప్పుకుంటుందిరా? గొడుగనా?”

“నేనెక్కడికి పోతాను? పోతే నా మోకాళ్ళు పోతాయి.”

“స్టాన్లీ కూడా అలాగే అన్నాడు.”

డెరెక్ ఆయన పొట్లంలోంచి ఒక చిప్సు ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. “సరే, నీ దగ్గరే ఉంచుకో. రోజూ ఆడించుకో. నీ తరవాత సంగతి నీకెందుకు?”

“నా తరవాత ఆల్‌ఫ్రెడ్ తుక్కులోకి పోతాడు.”

“వెల్డింగ్ చేయిస్తే వాడి నోరు పడిపోతుందిరా, క్లిఫ్.”

“నోరు పడిపోయినా మనిషి మిగులుతాడు కదా.” ఓర్మెరాడ్ గారు నావైపు తిరిగారు. “నువ్వేమంటావమ్మాయ్? గోడ అవతల నుంచి వింటూనే ఉంటావుగా.”

ఆయనకి తెలుసని నేను అనుకోలేదు.

“వెనిగర్ ఇంకొంచెం తెమ్మంటారా?” అన్నాను.

డెరెక్ పడీపడీ నవ్వాడు. ఓర్మెరాడ్ గారు నవ్వలేదు. పొట్లం తనవైపు లాక్కున్నారు.

చివరికి రైఫిల్‌ని వెల్డింగ్‌కి పంపే ముందురోజు సాయంత్రం ఆయన బోల్టుని చాలాసేపు ఆడించారు. నేను టీవీ కట్టేసి కూర్చున్నాను. మర్నాడు దాన్ని మేవిస్ తొడుక్కునే శీతాకాలపు కోటులో చుట్టి, డెరెక్ కారు వెనకసీట్లో పడుకోబెట్టారు. జారిపోకుండా బెల్టు కూడా పెట్టారు.

అది తిరిగొచ్చేదాకా ఆరు గంటలు ఎప్పుడయ్యాయో నాకు తెలిసేది కాదు. గోడ మీద గడియారం లేక కాదు.

ఒక గురువారం అది తిరిగొచ్చింది. ఆదివారం డెరెక్ వచ్చి తీసుకెళ్తాడు. అన్నీ సవ్యంగా జరిగిపోయాయని ఆయన గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పారు.

ఆ సాయంత్రం ఆరింటికి గోడ అవతల ధబ్ మని ఒక మొద్దు చప్పుడైంది. అది ఇనుము మోగినట్టు లేదు. అరచెయ్యి వెళ్ళి కదలని ఇనుముకి కొట్టుకున్నట్టుంది. బోల్టు బిగిసిపోయిందన్న సంగతి ఆయనకి తెలుసు కానీ ఆ చేతికి తెలియలేదు. మళ్ళీ ధబ్. ఇంకోసారి, ఈసారి నెమ్మదిగా. తరవాత ఏమీ లేదు. కుర్చీ కదలలేదు. కుళాయి తిరగలేదు.

నేను గోడ దగ్గరకెళ్ళి, ముఖం దానికి అంటించిన పూల కాగితానికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాను.

“యుద్ధం అయిపోయింది, ఓర్మెరాడ్ గారూ!” నా గొంతు నాకే కొత్తగా, కీచుగా వినిపించింది. “టీ... టీ చల్లారిపోతోంది!”

అనకూడని మాట అన్నానని సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట నాది కాదు. ఆవిడది.

చాలాసేపటికి ఆయన గొంతు వినిపించింది.

“ఎవరు గెలిచారు?”

దానికి మేవిస్ చెప్పే జవాబు నేను చెప్పలేను కదా.

“తెలీదండీ” అన్నాను.

కుర్చీ కిర్రుమంది. గోడలో పైపు గుయ్యిమంది.

ఆదివారం డెరెక్ వచ్చి రైఫిల్ తీసుకెళ్ళాడు. ఏ.టి. అన్న అక్షరాలు బయటికి కనబడేలా ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టమని ఓర్మెరాడ్ గారు కారు కదిలేదాకా చెబుతూనే ఉన్నారు. “తెలుసురా బాబూ, అన్నం పెట్టనా వాడికి?” అన్నాడు డెరెక్.

ఆ సాయంత్రం ఆరింటికి గోడకి అటూ ఇటూ చప్పుడు లేదు. కాసేపాగి పైపు ఒక్కటే మోగింది.