గఫూర్ మేస్త్రీ చెప్పని మాట

గవాక్షమంటే ఆవు కన్నని సంస్కృతం చదివినవాళ్ళు చెబుతారు. గోడకు కిటికీలు పెట్టుకునే చోట ఆ మాట సరిపోతుందేమో. కుందుర్పి వైపు మట్టిమిద్దెలకు గోడలో కన్ను తెరిస్తే వడగాలి నేరుగా నట్టింట్లోకి వచ్చి కూర్చుంటుంది. అందుకే అక్కడ ఆ కన్ను ఇంటి నడినెత్తిన ఉంటుంది. మిద్దె మీద మూరెడు బొక్క, చుట్టూ గట్టు, పైన గాజు పలక. గవాక్షి అంటారు. దాన్ని తెరవడంలో అబ్దుల్ గఫూర్‌ను మించిన మేస్త్రీ లేడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒప్పుకునేవి.

కొలతలు తీయకముందు ఆయన ఆ ఇంటి ఇల్లాలిని అడిగేవాడు. "ఏ నెలలో, ఏ పొద్దులో, యాడ కూర్చుని ఏం పని చేస్తావమ్మా?" ఇంటి మొగవాణ్ణి నేనుండగా ఆమెనెందుకడుగుతావని ఒకాయన మొహం మాడ్చుకుంటే, "బియ్యంలో రాళ్ళు నువ్వేరుతావా అన్నా?" అన్నాడట. గట్టు నిటారుగా వచ్చిందో లేదో, దారానికి కట్టిన ఇత్తడి గుండును పైనుంచి నేలదాకా వదిలి చూసేవాడు. మొదటి వెలుగు పడిన చోట ఇల్లాలు చేట పెట్టాలి. అది ఆయన పెట్టుకున్న ఆనవాయితీ.

యశోదమ్మ పెట్టింది వేరుశనగ విత్తనాల చేట. విత్తే నెలలో పొద్దున పదింటికి ఆమె గింజలేరే చోట వెలుగు పడేటట్టు గఫూర్ ఆ గవాక్షి తెరిచాడు. ముప్పయ్యేళ్ళుగా ఆమె ఆ వెలుగులోనే బూజు గింజను పక్కకు తీసింది.

గఫూర్ కొడుకు అస్లాందీ ఇళ్ళ పనే. మిద్దె కింద తెల్లపలకలతో సీలింగు వేలాడదీసి, దాని నిండా చిన్న చిన్న లైట్లు బిగిస్తాడు. తండ్రి తెరిచిన కళ్ళను కొడుకు మూస్తున్నాడని రాయదుర్గం బజారులో నవ్వుకున్నారు. మోకాళ్ళరిగి పని మానేసిన గఫూర్ కూడా నవ్వాడు. కొడుకును ఒక్కటే అడిగాడు.

"యశోదమ్మ ఇంటిది మాత్రం ముట్టొద్దురా."

"ముట్టన్లే నాయనా," అన్నాడు అస్లాం అన్నం కలుపుకుంటూ.

శ్రావణంలో ఒకరోజు బస్టాండులో యశోదమ్మ ఎదురుపడింది.

"ఏమప్పా గఫూరన్నా, బాగుండావా? మా చేనే బాగల్యా."

"వాన పడినాది గదమ్మా?"

"పడినాది. సగం గింజ మొలకెత్తల్యా. ఆ లైట్ల కింద గింజలన్నీ పెండ్లికూతుర్ల మాదిరి మెరుస్తాండాయి. బూజు యాడ కనపడతాది?"

"ఏం లైట్లు?"

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "నువ్వే చెప్పి పంపి, ఏం లైట్లంటావే? కోడలు ముచ్చటపడినా నేను వద్దనే అంటి. నీ కొడుకొచ్చి, గట్టు నెర్రెలిచ్చింది, వానకు కూలుతాది, మా నాయనే మూసేయమన్నాడు పెద్దమ్మా అనె. తెరిచినోడే మూయమంటే ఇంక నేనేం జెప్పల్ల?"

అబద్ధమన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. అంటే కొడుకు దొంగవుతాడు. అనకపోతే తన చేతిపని దొంగదవుతుంది. ఆమె వెనకాలే బస్సెక్కాడు.

ఆమె ఇంటికి పోయి, నిచ్చెన మీద మెట్టుమెట్టుకూ ఆగుతూ మిద్దెక్కాడు. గట్టుకు ఎక్కడా ఒక్క నెర్రె లేదు. గాజు పలక తీశాడు. లోపలికి దిగిన ఎండ జానెడు లోతులో తెల్లపలక మీద పడి అక్కడే ఆగిపోయింది. పని మానేసినా జేబులోంచి పోని ఇత్తడి గుండును వదిలాడు. టక్కుమంది. దారం చేతిలో వదులైపోయింది.

ఫోను తీసి కొడుక్కు చేశాడు. "గట్టు కాడ ఉండాను రా. నెర్రె యాడుంది?"

"నీ పేరు చెప్తే గానీ ఆమె ఒప్పుకోల్యా నాయనా."

"నా పేరు చెప్పమని నీకెవరు చెప్పినారు?"

"నువ్వెట్లాగూ పని చెయ్యవు గదా. ఆ పేరు ఊరికే పడుండాది."

గఫూర్ ఫోను జేబులో పెట్టుకుని కిందికి దిగాడు. "నేను మూయమన్లేదమ్మా. నా కొడుకు అబద్ధం చెప్పినాడు. కత్తుంటే ఇయ్యి."

యశోదమ్మ కొడవలి తెచ్చింది గానీ చేతికియ్యలేదు. "నీ బిడ్డ చేసిన పని గదన్నా."

"ఇయ్యమ్మా."

బల్ల మీదికెక్కి, కొడుకు బిగించిన పలకను మూరెడు మేర కోశాడు. రెండు లైట్లు తీగలకు వేలాడాయి. పదిగంటల పొద్దు ఎప్పుడో దాటిపోయింది. వెలుగు ఆమె కూర్చునే చోటు తప్పి కోడలి కొత్త సోఫా మీద పడింది.

"ఎవరు కోసినారని వాడొచ్చి అడిగితే ఏం జెప్పల్ల?"

"మీ నాయనే కోయమన్నాడని చెప్పు. ఈ మాట మాత్రం నేను చెప్పిందే."

గడ్డం నిండా తెల్లపొడి. దులుపుకోకుండానే బస్సుకు నడిచాడు.