స్టార్ గడకి కట్టిన రూటర్

డిసెంబరు ఇరవై ఏడు, సాయంత్రం నాలుగూ నలభైకి మెర్సీ లాప్‌టాప్ తెర మీద ఒక మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆధార్ కార్డు చెంపకి ఆనించి పట్టుకున్నాడు. పుట్టిన తేదీ చెప్పమని అడిగింది మెర్సీ. ఆయన చెప్పే ఉంటాడు. ఆ మాట మెర్సీ ఉన్న మామిడికుదురు దాకా రాలేదు. పదకొండు సెకన్లయ్యాక తెర నల్లబడింది, కాల్ తెగిందని ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఆ నెలలో అది అరవై ఆరోది.

మెర్సీ పనిచేసేది బ్యాంకుల పనులు చేసిపెట్టే ఒక హైదరాబాద్ కంపెనీలో. ఇంట్లో కూర్చుని ఫోన్లోనే ఖాతా తెరిచేవాళ్లు ఆమెకి వీడియోలో కనబడతారు. మనిషి ముఖమూ కార్డు మీది ముఖమూ ఒకటేనా అని చూసి, నాలుగు ప్రశ్నలడిగి, సరే అని నొక్కాలి. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా రోజుకి అరవై మంది. ఇంటి నుంచి చేసేవాళ్లకి ఒకటే షరతు. నెలలో తెగిన కాల్స్ నూటికి ఐదు దాటకూడదు. దాటితే మర్నెల నుంచి ఆఫీసుకి రావాలి.

ఐదు గంటలకి టీమ్ లీడర్ కళ్యాణ్ ఫోన్ చేశాడు.

"మెర్సీ గారూ, పదకొండు వందల నలభైకి అరవై ఆరు. ఐదు పాయింట్ ఏడు తొమ్మిది. నేనేం చెయ్యను చెప్పండి?"

"ఇంకా నాలుగు రోజులున్నాయి కదండీ."

"ఉన్నాయి. రెండు వందల నలభై కాల్స్ వస్తాయి. మూడు తెగొచ్చు. నాలుగోది తెగిందంటే నా చేతిలో లేదండి. హాస్టల్ చూసుకోండి."

హాస్టల్ అంటే ఏమిటో మెర్సీకి తెలుసు. భర్త స్టీఫెన్ ఖతర్‌లో క్రేన్ నడుపుతాడు. అంతకుముందు మూడేళ్లు ఆమె హైదరాబాద్ హాస్టల్లో, కూతురు పింకీ ఇక్కడ తాతగారి దగ్గర. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని కంపెనీ ఒప్పుకున్నాక, పోయినేడు జూన్‌లో పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే, నాలుగేళ్ల పింకీ ఆమెని కింద నుంచి పై దాకా చూసి లోపలికి కేక పెట్టింది, "తాతయ్యా, ఎవరో వచ్చేరు!" అని. ఆ పిల్ల తల్లి పక్కన పడుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

అందుకే మెర్సీ ఆ రూటర్‌తో చెయ్యని పని లేదు. వాళ్ల వీధిలో పదహారే ఇళ్లని కేబుల్ వాళ్లు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయారు. దిక్కల్లా సిమ్ వేసే తెల్ల రూటర్ ఒక్కటే. అది వచ్చిన రోజున మామగారు దేవసహాయం, డ్రాయింగ్ మేష్టారుగా చేసి రిటైరైన మనిషి, దాన్ని హాల్లో అద్దాల షోకేసులో బైబిలు పక్కన పెట్టి, చనిపోయిన భార్య అల్లిన దారపు గుడ్డ కప్పారు. ఇంట్లో విలువైన వస్తువు ఎక్కడుండాలో అక్కడే ఉంది. నవంబరులో కాల్స్ తెగడం మొదలయ్యాక మెర్సీ గుడ్డ తీసేసింది. షోకేసులోంచి పడమటి కిటికీలోకి మార్చింది, టవరు అటే ఉంది కాబట్టి. అమలాపురం వెళ్లి ఇరవై మీటర్ల నీలం వైరు తెచ్చి రూటర్ నుంచి లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చింది. కస్టమర్ కేర్ వాళ్లు ఆపి వెయ్యమన్నప్పుడల్లా ఆపి వేసింది. వాళ్లకి అంతకన్నా తెలిసినట్టు లేదు.

ఒకరోజు రూటర్‌లో ఎన్ని ఫోన్లు ఉన్నాయో చూస్తే పదకొండు కనబడ్డాయి. ఇంట్లో ఉన్నవి మూడు. పక్కింటివాళ్లు అడిగితే మజ్జిగ పోసినట్టు మామగారు పాస్‌వర్డ్ పంచిపెట్టారు. మెర్సీ దాన్ని మార్చేసింది. పక్కింటి రత్నమాల గోడ మీంచి పలకరించడం మానేసింది. టీవీలో ప్రార్థన కూటాలు చూసే మామగారు సాయంత్రం ఐదు దాకా టీవీ ముట్టుకోవడం మానేశారు. కాల్స్ తెగడం మాత్రం మానలేదు.

ఫోన్లో ఒక యాప్ వేసుకుంటే సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో చూపిస్తుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. కిటికీలో నూట పన్నెండు. మంచు పడి కొబ్బరాకులు తడిసిన పొద్దుటి పూట నూట పదిహేను. కిటికీకీ టవరుకీ మధ్య గంగరాజు గారి కొబ్బరితోట ఉంది. కొన్నేళ్ల కిందట కొత్తగా నాలుగు వరసలు వేశారు. అవి ఇప్పుడు సరిగ్గా ఇళ్ల కప్పులంత ఎత్తుకొచ్చి మట్టలు విప్పాయి.

ఇరవై ఎనిమిది పొద్దున్న ఆరున్నరకి తోటలో దింపు మొదలైంది. కాయలు కోసే పోలయ్య నడుముకి కత్తి దోపుకుని చెట్ల కింద నిలబడ్డాడు. గంగరాజు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మెర్సీ మొహం కూడా కడుక్కోకుండా వెళ్లి అడిగింది.

"బాబాయిగారూ, ఆ చిన్న చెట్ల మట్టలు కాస్త కొట్టించండి. సిగ్నల్ రావట్లేదండి."

"ఏమ్మా, నీ ఫోను కోసం నా చెట్లకి గుండు కొట్టించమంటావా? అవి తొలి గెల వేసినవి."

"ఉద్యోగం పోయేలా ఉందండి."

"అయ్యో, పోకూడదమ్మా. ఉద్యోగం పోకూడదు, మట్టలూ పోకూడదు" అన్నాడు గంగరాజు. ఆయనకి వెటకారమేం లేదు. నిజంగానే రెండూ పోకూడదనుకున్నాడు.

పోలయ్య మధ్యలో కలగజేసుకున్నాడు. "అమ్మాయిగారూ, మట్టలు కొట్టినా మళ్ళీ వస్తాయండి. ఎంత పైకెళ్తే తగులుద్దో చూసుకోవాలి గానండీ. ఆ ఫోనిలా ఇవ్వండి, నేను పైకెళ్లి చెప్తాను."

"అంకెలు చదవగలవా?"

"ఆయ్! కాయలు లెక్కపెట్టేవోణ్ణండీ, అంకెలు రావేంటి?"

మెర్సీ ఇంటి గోడకి ఆనుకుని ఉన్న పాత చెట్టు ఎక్కాడు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, ఒక్కో నిలువు ఎత్తుకీ ఆగి, తీసి చదివి కేకేశాడు. మెర్సీ ఫోన్లోనూ రూటర్‌లోనూ ఒకే కంపెనీ సిమ్ములు.

"రెండు నిలువులండీ! నూట పన్నెండు!"

"కిటికీలోనూ అంతే. ఇంకా వెళ్లు."

"నాలుగండీ! నూట మూడు!"

ఆరో నిలువు దగ్గర ఫోన్ తీసి చూసి, జేబులో పెట్టి, మళ్ళీ తీశాడు. మెర్సీ కింద నిలబడి అరచేతులు నైటీకి తుడుచుకుంది.

"ఏవైంది పోలయ్యా?"

"నమ్మకం కుదరక రెండుసార్లు చూసేనండీ! తొంభై ఒకటండీ! ఇక్కణ్ణుంచి టవరు ఇలా మొహమ్మీద కనబడతందండీ!"

దిగి వచ్చాక వేలితో చూపించాడు. ఆరు నిలువులంటే ముప్పై అయిదడుగులు. వాళ్ల డాబా పదకొండడుగులు. దాని మీద ఇరవై నాలుగడుగుల వెదురు గడ డిసెంబరు ఒకటి నుంచీ నిలబడే ఉంది. దాని చివర దేవసహాయం గారి క్రిస్మస్ స్టార్ ఉంది. బల్బు కోసం పైదాకా కరెంటు వైరు కూడా ఉంది.

మెర్సీ మామగారి దగ్గరికి పరుగెత్తింది.

"కొత్త సంవత్సరం ఆరాధన అయ్యేదాకా స్టార్ దించకూడదమ్మాయ్" అన్నారాయన. నలభై రెండేళ్లుగా ఆ వీధిలో ఎవరికన్నా పెద్ద స్టార్ ఆయనదే. బద్దలు ఆయనే చీలుస్తారు, కాగితం ఆయనే అంటిస్తారు. "అందరూ ఏమనుకుంటారు? మేష్టారింట్లో ఏదో జరిగిందనుకోరూ?"

"పది నిమిషాలు మావయ్యగారూ. రూటర్ లోపల పెట్టి మళ్ళీ ఎత్తేద్దాం. ఎవరికీ కనపడదు."

ఆయన గడియారం చూశారు. పింకీ బడి బ్యాగు సర్దుకుంటూ వింటోంది. ఆయన లేచి డాబా మెట్ల వైపు నడిచారు.

పోలయ్యతో కలిపి ముగ్గురూ గడ దించారు. బల్బూ హోల్డరూ తీసి, ఆ వైరుకి సాకెట్ బిగించి రూటర్ ప్లగ్గు గుచ్చారు. రూటర్‌ని బద్దల మధ్య తాడుతో బిగించారు. నీలం వైరు గడ పొడుగునా కట్టుకుంటూ కిందికి తెచ్చారు. ఎత్తేముందు మామగారు దానికి ఏదో చుట్టడం మెర్సీ చూసింది గానీ, అప్పటికే ఎనిమిదికి తొమ్మిది నిమిషాలుంది. కిందికి పరుగెత్తి లాగిన్ అయింది. అంకె చూసే వ్యవధి లేదు.

మొదటి కాల్ ఎలాగో అయింది. రెండోది విజయనగరం ఆవిడ. ముఖం గళ్లు గళ్లుగా విరిగి, కలిసి, మళ్ళీ విరిగి తెగిపోయింది. అరవై ఏడు. తర్వాత పన్నెండు కాల్స్ ఈడ్చుకుంటూ వెళ్లాయి. పదింపావుకి ఒక కుర్రాడు కార్డు తిప్పి చూపిస్తూ తిప్పుతూనే ఉండిపోయాడు. అరవై ఎనిమిది.

ఇక ఒక్కటి. దాదాపు నాలుగు రోజులకి ఒక్కటి.

ఐదు నిమిషాల విరామం నొక్కి రూటర్ పేజీ తెరిచింది. మైనస్ నూట పదిహేడు. కిటికీలో కన్నా హీనం. చెట్టు మీద తొంభై ఒకటి, అదే ఎత్తున గడ మీద నూట పదిహేడు! డాబా మెట్లెక్కేసరికి ఏడుపు ముక్కులోంచి వచ్చేస్తోంది.

"మావయ్యగారూ! దానికేం చుట్టేరు?"

"మంచుకి తడవకుండా వెండికాగితం చుట్టేనమ్మాయ్. రెండు పొరలు."

"వెండికాగితమా!"

"అదే నయం. పోయినేడు మామూలు కాగితం వానకి చిరిగిపోయిందని ఈసారి స్టార్‌కి కూడా, వెలుగు కోసం చిల్లులు పొడిచి, మొత్తం అదే అంటించేను కదా."

పోలయ్య ఆ గోడ పక్క చెట్టు కిందే కాయలు కుప్ప వేస్తున్నాడు. తల పైకెత్తి చూసి అన్నాడు, "మేష్టారండీ, దాని తల మీద తగరపు డబ్బా బోర్లించేసినట్టుందండీ. లోపలున్నోడికి పిలుపు ఎలా ఇనపడుద్దండీ?"

మెర్సీ తల గోడకి ఆనించింది. "రూటర్ మీద కాగితం తీస్తే చాలదండీ. మొత్తం స్టార్..." అని ఆగిపోయింది. విరామం ఇక మూడు నిమిషాలుంది.

దేవసహాయం గడ కట్లు విప్పమని పోలయ్యని పిలిచారు. స్టార్ డాబా మీదికి దిగింది. నవంబరంతా వసారాలో చాప వేసుకుని మైదాపిండి జిగురుతో ఆయన అంటించిన కాగితం. ఆయన బొటనవేలితో ఒక కోణం దగ్గర పొడిచి కిందికి లాగారు. చర్రున చిరిగింది. ఐదు కోణాలూ చింపేశారు. రూటర్ మీది రెండు పొరలూ పీకేసి, ఐస్‌క్రీం ప్లాస్టిక్ డబ్బా ఒకటి దాని మీద బోర్లించి తాడు బిగించారు.

"ఎత్తు" అన్నారు పోలయ్యతో. "నువ్వెళ్లమ్మాయ్. ఎవరో బ్యాంకులో కనిపెట్టుకుని ఉంటారు."

మైనస్ తొంభై రెండు.

ఆ రోజు మిగిలిన కాల్స్‌లో ఒక్కటీ తెగలేదు. మెర్సీకి నమ్మకం కలగలేదు. ఇరవై తొమ్మిదిన ఒక్కో ముఖం ఆగినప్పుడల్లా, అవతలివాళ్లు ఆలోచించడానికి ఆగినా సరే, ఆమె రూటర్ పేజీ తెరిచి అంకె చూసుకుంది. ముప్పైన మబ్బు పట్టింది. ముప్పై ఒకటి మధ్యాహ్నం తుంపర పడితే దేవసహాయం గొడుగేసుకుని డాబా మీద గడ పట్టుకుని నిలబడ్డారు. గాలికి గడ ఊగితే అంకె ఊగుతుందని ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. వీధిలో వెళ్లేవాళ్లు అస్థిపంజరంలా ఉన్న స్టార్‌నీ, లోపలి తెల్ల డబ్బానీ, కింద మేష్టారినీ చూసుకుంటూ వెళ్లారు.

"మేష్టారండీ, స్టార్‌కి బట్టలేవండీ?" అని రత్నమాల గోడ మీంచి అడిగింది. నెల తర్వాత ఆ గోడ మీంచి వచ్చిన మొదటి మాట అది.

సాయంత్రం ఐదుకి లెక్క మూసేశారు. పదమూడు వందల ఎనభై కాల్స్, తెగినవి అరవై ఎనిమిది. నాలుగు పాయింట్ తొమ్మిది మూడు.

ఐదూ పదికి కళ్యాణ్ ఫోన్ వచ్చింది. మెర్సీ నవ్వుతూ ఎత్తింది.

"గట్టెక్కేరండి. బాగుంది. మెయిల్ చూసేరా?"

"లేదండి."

"చూడండి. జనవరి నుంచి హద్దు నాలుగు శాతం."

ఫోన్ పెట్టేసి మెర్సీ మెయిల్ తెరిచి ఆ అంకె చూసుకుంది. పింకీ వచ్చి ఒళ్లో తల పెట్టి, "అమ్మా, స్టార్ ఎప్పుడు దించుతారు?" అంది.

జనవరి రెండున ఊళ్లో స్టార్‌లన్నీ దిగాయి, ఒక్కటి తప్ప. ఆ పొద్దున్నే దేవసహాయం పోలయ్యని వెంటబెట్టుకుని వెదుళ్లు అమ్మే అడితికి బయల్దేరారు. ఏడో నిలువు దగ్గర మైనస్ ఎనభై నాలుగు ఉందని పోలయ్య చెట్టెక్కి చూసి చెప్పాడు. పాత గడ ఇరవై నాలుగు అడుగులు. కావలసింది ముప్పై.