మైక్ టెస్టింగ్

మా నర్సీపట్నం కాలేజీలో ఏటా ఒక వారం పాఠాలుండవు. నోటీసు బోర్డు మీద దానికి ఏవేవో పెద్ద పేర్లు రాస్తారు గానీ, పిల్లలకీ మాకూ అది ప్రోగ్రాముల వారం. పొద్దున వర్క్‌షాపులు, మధ్యాహ్నం పోటీలు, ఆఖరి రోజు ముఖ్య అతిథి, దీపం, డాన్సులు, నాటకం. నేను బోటనీ చెబుతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీ అంతటికీ తెలుసు. నా వెనకాల నన్ను మిరపకాయ మేడమ్ అంటారని నాకూ తెలుసు. అయినా ఆ వారం పనులన్నీ నా నెత్తినే పడతాయి. అరిచి పని చేయించే మనిషి ఒకరుండాలి కదా, మిగతా లెక్చరర్లందరూ మంచివాళ్లాయె.

ఈ ఏడాది ఆ వారమంతా నా మనసు నాటకం మీదే ఉంది. ఇంకా చెప్పాలంటే, అందులో కండక్టరు వేషం వేసే అమ్మాయి మీద.

ఆ అమ్మాయిది రోలుగుంట అవతల ఒక పల్లె. తండ్రికి కాస్త చెరుకు, కాస్త జీడితోట. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి వాళ్ల ఊరికి సాయంత్రం నాలుగున్నరకి ఒక బస్సుంది, అది పోతే ఆ పూటకి ఇంకోటి లేదు. కాలేజీలో ఏం చేసుకున్నా సరే, ఆ బస్సుకి ఇంటికి వచ్చెయ్యాలని తండ్రి మాట. మొదటి ఏడాది ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. ఆయన వచ్చి దీపం వెలిగించేదాకా మా దగ్గర చీమైనా కదలదు. నాటకం వంతు వచ్చేసరికి పిల్ల పౌడరు రాసుకున్న ముఖంతోనే బస్సెక్కేసింది. దాని మాటల్ని ఇంకెవరో కాగితం చూసి చదివేశారు. రెండో ఏడాదీ అదే తంతు. అతిథి మారారు గానీ ఆలస్యం మారలేదు. ఇప్పుడు మూడో ఏడాది, డిగ్రీ అయిపోవచ్చింది. ఈసారి కూడా తప్పిపోతే ఇక ఆ పిల్ల స్టేజీ ఎక్కేది లేదు.

"ఈసారైనా అవుద్దేటండి, మేడమ్?" అని సోమవారం పొద్దున్నే నా లాబ్ గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఎందుకవదే? నేను లేనూ?" అని గట్టిగా అనేశాను. అన్నాక గానీ ఆలోచన రాలేదు. ముఖ్య అతిథిగారి కారు స్టీరింగు నా చేతిలో ఉందా ఏమిటి?

నాటకం పిల్లలే రాసుకున్నారు. రెండు వరసల కుర్చీలు వేస్తే అదే బస్సు. పనసకాయని ఒళ్లో పెట్టుకుని ఇద్దరి సీటు ఆక్రమించే ముసలమ్మ, ఫోనులో ఊరంతా వినేలా మాట్లాడే పెద్దమనిషి, దిగాల్సిన చోట దిగకుండా గురకపెట్టే కుర్రాడు. వీళ్లందరినీ గదమాయించే కండక్టరు మన పిల్ల. మధ్యలో స్టేజీ దిగి, ముందు వరసలో ఎవరు కూర్చుంటే వాళ్లని టికెట్ అడుగుతుంది. రోజూ మధ్యాహ్నం అన్నాలు తినేసి నా లాబ్‌లోనే రిహార్సల్ చేసేవాళ్లు. మామూలుగా పది మాటలు మాట్లాడని పిల్ల, కండక్టరు తోలుసంచీ భుజాన వేసుకుంటే చాలు, నన్ను కూడా "జరగండమ్మా, లోపలికి జరగండి" అని గద్దించేది.

వారం మాత్రం భలే హుషారుగా నడిచింది. పుట్టగొడుగుల పెంపకం వర్క్‌షాపులో వరిగడ్డి ఉడకబెట్టి సంచుల్లో కూరాం. కాలేజీ అంతా గడ్డి ఉడికిన వాసన. ఆ సంచుల్ని నా లాబ్ మూల చీకట్లో వేలాడదీసి, పొద్దున్నే వెళ్లి తొంగి చూసుకోవడం నాకొక పనైపోయింది. ఇంటర్వ్యూలకి తయారు చేయడానికి విశాఖపట్నం నుంచి టై కట్టుకున్న కుర్రాయన వచ్చాడు. "మీలో ఉన్న పెద్ద బలహీనత ఏమిటి?" అని అడిగితే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "నాలుగున్నర బస్సు సార్" అన్నాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. మన కండక్టరు పిల్ల మాత్రం నవ్వలేదు.

ప్రథమ చికిత్స వర్క్‌షాపులో కట్టు కట్టడం నేర్పడానికి తల కావాలన్నారు. ఎవరూ ముందుకు రాకపోతే నా తలే ఇచ్చాను. చెవుల మీదుగా చుట్టి చుట్టి బ్రహ్మాండంగా కట్టారు. ఆ తర్వాత రంగవల్లుల పోటీలో ఎవరి రంగు ఎవరు తీశారన్న తగువు తీర్చడంలో పడి కట్టు సంగతే మర్చిపోయాను. అలాగే కూరలకి వెళ్లాను. వంకాయలు అమ్మే ఆవిడ తక్కెడ వదిలేసి, "అయ్యో తల్లీ, ఏటైనాది? ఎక్కడ పడిపోనావు?" అని నా రెండు చేతులూ పట్టేసుకుంది. సంగతి చెప్తే అంత నవ్వూ నవ్వి, "అయినా కట్టు బాగానే కుదిరినాది, ఉంచీసుకో" అంది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు.

శనివారం రానే వచ్చింది. గ్రౌండులో షామియానా వేశాం. రెండింటికి మొదలవ్వాలి. మూడైంది, అతిథి లేరు. ఫోను చేస్తే "దారిలో ఉన్నారండీ" అన్నారు. ఆ దారి ఏ దారో, ఎక్కడి దారో! స్టేజీ మీద దీపపు కుందె, పక్కన అగ్గిపెట్టె. కాటుకతో గుబురు మీసం దిద్దుకుని, ఖాకీ చొక్కా వేసుకుని, మన పిల్ల స్టేజీ పక్కన నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు. గేటు వైపు, కాలేజీ గోడ మీది గడియారం వైపు చూస్తోంది. ఆ చూపు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

తిన్నగా ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడటమే తెలీదు.

"నాటకం మొదలెట్టేద్దామండీ."

"దీపం వెలిగించకుండా కార్యక్రమం ఎలా మొదలుపెడతాం మేడమ్? ఆయన వచ్చి చూస్తే ఎంత చిన్నతనం!"

"కార్యక్రమం అని ఎవరన్నారండీ? మైక్ టెస్టింగ్."

నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆయన నన్ను చూశారు, మీసం పెట్టుకున్న పిల్లని చూశారు, చేతి గడియారం చూసుకున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "నిజమే, మైకు సరిగ్గా లేకపోతే అతిథి దగ్గర పరువు పోతుంది. ఆసాంతం టెస్ట్ చేయించండి" అన్నారు. అని ముందు వరసలో వచ్చి కూర్చున్నారు. ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

"మైక్ టెస్టింగ్, మైక్ టెస్టింగ్" అంటూనే మన కండక్టరు బస్సెక్కింది. ఇక చూడాలి! పనసకాయ ముసలమ్మతో తగువుకి ఈలలు, గురక కుర్రాడిని లేపే చోట చప్పట్లు. స్టేజీ దిగి ప్రిన్సిపాల్ గారిని టికెట్ అడిగితే ఆయన ఉలిక్కిపడి, "నాకు పాసుంది" అన్నారు. కాలేజీ ఘొల్లుమంది. నాటకం అవ్వగానే పిల్లల్ని ఆటోలో కుక్కి కాంప్లెక్సుకి తోలేశాను. మీసం కడుక్కునే తీరిక కూడా లేదు. అతిథిగారు నాలుగున్నర దాటాక వచ్చి దీపం వెలిగించారు. మైకు ఖంగుమని పలికింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. నంబరు ఎవరిదో తెలీదు.

"నమస్కారమండీ. నేను కండక్టరు పిల్ల నాన్నని. నిన్న మా గుంట మీసాలెట్టుకుని బస్సు దిగిందండి."

అయిపోయింది, తగువుకి వచ్చాడు అనుకున్నాను. నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా.

"నిజం కండక్టరు సూసి, 'ఏటమ్మా, నా ఉజ్జోగానికే ఎసరెట్టినావా' అన్నాడంట. బస్సంతా మళ్లీ ఆడించేరంట. దారిపొడుగునా ఒకటే నవ్వులంట. ఊరోళ్లు ఇంటికొచ్చి మరీ సెప్తన్నారు. అందరూ సూసేరండి. నేనే సూళ్లేదు. ఆ మైకు టెస్టింగు మళ్లీ ఎప్పుడైనా ఉంటాదేటండి?"

"ఎందుకుండదండీ?" అనేశాను.

సోమవారం ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లి, మైకు మళ్లీ టెస్ట్ చేయాలండీ అన్నాను.

"షామియానావాళ్లు మైకు పట్టుకుపోయారు కదా మేడమ్?"

"మైకు లేకుండా టెస్ట్ చేస్తామండీ. నాలుగున్నర బస్సు వెళ్లిపోయాక."

ఆయనకి ఆ పిల్ల తండ్రి సంగతీ, పిల్లని తనే బండి మీద ఇంటికి తీసుకెళ్తాడనీ చెప్పాను. వెంటనే సరేనన్నారు.

ఆ సాయంత్రం ఆ తండ్రి, నేను ఫోనులో చెప్పిన వేళకంటే చాలా ముందే బండి మీద వచ్చేసి, గేటు బయటే నిలబడ్డాడు. ఇస్త్రీ మడతలు పోని తెల్ల చొక్కా. చేతిలో గుడ్డసంచీ నిండా జీడిపప్పు. "బేగి వచ్చీసినానేటండి?" అని మొహమాటపడ్డాడు. మా కాలేజీకి ముందుగా వచ్చిన ముఖ్య అతిథి ఇన్నేళ్లలో మీరొక్కరేనండీ అని లోపలికి తీసుకెళ్లాను. నా లాబ్‌లో ముందు కుర్చీలో, ప్రిన్సిపాల్ గారి పక్కన, అంచు మీద కూర్చున్నాడు. మూల సంచుల్లో గడ్డి మీద పుట్టగొడుగుల తెల్లటి బూజు అప్పుడప్పుడే అల్లుకుంటోంది.

నాటకం మొదలైంది. పిల్ల తన నాన్నని చూసింది. మొదటి మాటలు నాకే వినపడలేదు. పనసకాయ ముసలమ్మ మోచేత్తో పొడిచింది. అప్పుడు తేరుకుంది. తోలుసంచీ సర్దుకుంది, గదమాయించింది, నవ్వించింది. తండ్రి నవ్వలేదు. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నాకు భయమేసింది, నచ్చలేదేమోనని. స్టేజీ లేదు కాబట్టి పిల్ల రెండడుగులు ముందుకు వేసి, సరిగ్గా తండ్రి ముందు ఆగింది.

"టికెట్, టికెట్! ఏటి పెద్దాయనా, ఎక్కడికెళ్లాలి?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

"మా ఊరికే తల్లీ. ఒకటే కొట్టు," అన్నాడు. "మా గుంట కూడా వస్తాది గానీ, అది కండక్టరు. దానికి టికెట్టేటి?"